ముసురులో చుట్ట

గడియారాలు బాగుచేసే అతన్ని ఇంట్లోవాళ్ళు నిదానం అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది అక్క. చిన్నప్పుడు అందరూ తిని చేతులు కడుక్కునేసరికి అతను రెండో ముద్ద నములుతూ ఉండేవాడట. యాభై దాటినా ఆ పేరూ వదల్లేదు, ఆ నిదానమూ వదల్లేదు. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుని, గంటల తరబడి కదలకుండా కూర్చోగల మనిషి. పెళ్ళి గురించి కూడా అలాగే ఆలోచిస్తూ ఆలోచిస్తూ వయసు దాటించేశాడని బావ ఎగతాళి చేసేవాడు. అక్కా బావల ఇంట్లోనే, పైనున్న ఒంటిగదిలో ఉండేవాడు.

అతనికున్న ఒకే ఒక్క అలవాటు చుట్ట. నేర్పింది బావే. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి బావ ఇంటికి రాగానే ఇద్దరూ మేడ మీద పిట్టగోడకు ఆనుకుని చెరొకటి వెలిగించేవారు. మాటలు తక్కువ, పొగ ఎక్కువ.

"మనకంటే ముందు చుట్టకే తెలుస్తుందిరా కాలం మారిందని" అనేవాడు బావ. అది నిజమే. ఎండాకాలంలో వడగాలికి ఆకు పెళుసెక్కి వేళ్ళ మధ్యే పగిలేది. వెలిగిస్తే గబగబా కాలిపోయి నాలుక చురుక్కుమనేది. అందుకని ఆ నెలల్లో తెల్లవారాక ఒకటి, పొద్దు వాలాక ఒకటి, అంతే. చలికాలం మాత్రం చుట్టకు రాజయోగం. దుప్పటి కప్పుకుని కూర్చుంటే ఒక్కటి ముప్పావుగంట నిలిచేది. వానాకాలంతోనే పెద్ద చిక్కు. ఆకు చెమ్మ పీల్చి ఉబ్బేది, లాగితే పొగ వచ్చేది కాదు, నాలుగు దమ్ములకోసారి ఆరిపోయేది. విడిభాగాలతో పాటు వచ్చే తేమ పీల్చే గింజల పొట్లాలు నిదానం తన చుట్టల డబ్బాలో వేసి ఉంచేవాడు గానీ, అగ్గిపెట్టెలను కాపాడడం ఎవరి తరమూ కాలేదు. విచిత్రమేమిటంటే, చుట్ట సరిగ్గా కాలని ఆ ముసురులోనే దాని మీదికి మనసు ఎక్కువగా పోయేది.

రెండేళ్ళ కిందట బావ ఊపిరితిత్తులు మొరాయించాయి. సిమెంటు దుమ్ము సగం, చుట్ట సగం అన్నాడు డాక్టరు. అప్పటినుంచి బావకు కింద గదిలో మంచమే లోకమైంది. మంచం పక్కన ఆక్సిజన్ మెషీను, ముక్కుకు సన్నని గొట్టం. కరెంటు పోతే వాడడానికి గుమ్మం పక్కన గోడకు గొలుసుతో కట్టిన పెద్ద సిలిండరు. అవన్నీ బిగించిన మెకానిక్కు వెళ్ళేముందు అక్కనూ నిదానాన్నీ నిలబెట్టి మరీ చెప్పాడు.

"ఈ గాలి తనంతట తాను మండదండీ. మండేదాన్ని మాత్రం ఆపలేనంతగా మండిస్తుంది. దుప్పట్లో, బట్టల్లో, జుట్టులో చేరి కూర్చుంటుంది. గొట్టం తీసేసినా కాసేపు అక్కడే ఉంటుంది. ఈ ఇంట్లో నిప్పు అన్న మాట వినబడకూడదు."

అక్క ఆ రోజే పొయ్యిని పెరటి వరండాలోకి మార్చించింది. తమ్ముడికి ఒక్కటే మాట చెప్పింది. "నీ చుట్ట మేడ మీదే. అది మెట్టు దిగిన రోజున అదీ నువ్వూ ఇద్దరూ బయటికే."

నిదానం ఆ మాట నిలబెట్టుకున్నాడు. మొదటి ఏడాది వానలు పేరుకే పడ్డాయి గనక ఇబ్బంది రాలేదు. రెండో ఏడాది ముసురు పట్టింది. మొదటి రోజు గొడుగు వేసుకుని మేడ మీద నిలబడ్డాడు. గాలికి గొడుగు తిరగబడింది, చుట్ట తడిసి ముద్దయింది. మర్నాడు మేడ గుమ్మంలో నిలబడ్డాడు. జల్లు అక్కడికీ కొట్టింది. ఆ మర్నాడు నాలుగు మెట్లు దిగి, మెట్ల మలుపులో ఉన్న చిన్న కిటికీ తెరిచి పొగ బయటికి వదిలాడు. నాలుగు మెట్లే కదా అనుకున్నాడు. మూడు రోజులు అక్కడే కాల్చాడు. మూడో రోజు సగంలో ఆరిపోయిన పీకనూ అగ్గిపెట్టెనూ ఆ కిటికీ గట్టు మీదే వదిలేసి తన గడియారాల కొట్టుకు వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"పొద్దుటినుంచి కరెంటు లేదురా. సిలిండరు ఎంతసేపు వస్తుందో తెలీదు. ఇంకోటి పట్టుకొస్తానని ఆస్పత్రికి బయల్దేరాను. నువ్వు కొట్టు మూసేసి తొందరగా వెళ్ళు. ఆయన్ని ఒక్కర్నే వదిలి వచ్చాను."

"వెళ్తున్నా" అన్నాడు. విప్పిన గడియారాన్ని అలాగే గిన్నె కింద బోర్లించి, రెయిన్‌కోటు తొడుక్కుని, మోకాలి లోతు నీళ్ళలో అడ్డంపడి నడిచాడు. జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు.

వీధి తలుపు తెరవగానే సిలిండరు బుసబుస వినిపించింది. అది రోజూ వినేదే. దాని వెనక ఇంకో చప్పుడు ఉంది. గరక్... ఆగి, మళ్ళీ గరక్. అది ఏ చప్పుడో తెలుసుకోవడానికి అతనికి క్షణం పట్టలేదు.

బావ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. జల్లు కొడుతుందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ముక్కున ఉండాల్సిన గొట్టం ఒళ్ళో, దుప్పటి మడతల్లో పడి ఉంది. పెదాల మధ్య ఆ సగం చుట్ట. చేతిలో ఆ అగ్గిపెట్టె. నేల మీద తల ఊడిన పుల్లలు నాలుగైదు. చెమ్మగిల్లిన పుల్లలు గీసినప్పుడల్లా మందు పొడిపొడిగా రాలుతోంది.

అరవబోయి ఆగాడు నిదానం. ఉలిక్కిపడితే ఆ చెయ్యి ఏం చేస్తుందో తెలియదు. మంచానికీ గుమ్మానికీ మధ్య ఆరడుగుల దూరం.

"బావా" అన్నాడు మెల్లగా.

బావ తలెత్తాడు. ఆ చూపు దొరికిపోయిన దొంగ చూపులా లేదు. ఆకలి మీదున్నవాడి చూపులా ఉంది.

"రాకు. ఒక్క దమ్ము. గొట్టం తీసేశాగా."

"రాను. ఆ పుల్ల కింద పెట్టు."

"మూడు రోజులుగా ఆ వాసన పైనుంచి పంపిస్తున్నావు నాకు." మాటకో ఊపిరి తీసుకుంటున్నాడు. "రెండేళ్ళు ఓర్చుకున్నా. మెట్టు మెట్టుకీ కూలబడుతూ ఎక్కి తెచ్చుకున్నా. ఇప్పుడు పెట్టమంటే ఎలా పెడతాను?"

  సిలిండరు నిదానం కుడి భుజం పక్కనే ఉంది. కళ్ళు బావ మీదినుంచి తిప్పకుండా చెయ్యి వెనక్కి పోనిచ్చి పైనున్న వాల్వు తాళాన్ని పట్టుకున్నాడు. గడియారానికి కీ ఇచ్చినంత నెమ్మదిగా తిప్పాడు. ఇంకొంచెం. ఇంకొంచెం. బుస ఆగింది.

"ఏం చేశావు?"

"కట్టేశాను. ఆ దుప్పటి మాత్రం తీసెయ్ బావా. అందులో గాలి నిండి ఉంది. వరండాలోకి పోదాం పద, నేనే వెలిగించి ఇస్తాను."

బావ నవ్వాడు. "అబద్ధమాడడం నీకు చేతకాదురా" అంటూ ఇంకో పుల్ల తీసి గీశాడు.

అది వెలిగింది.

కనురెప్ప పాటు మామూలు మంటే. తర్వాత అది తెల్లగా మూరెడు ఎత్తు లేచింది. బావ మీసం చిటపటలాడింది, పుల్ల జారిపడింది, దుప్పటి అంచు మీద మంట పాములా జరజరా పాకింది. నిదానం ఎప్పుడు రెయిన్‌కోటు విప్పాడో అతనికే తెలియదు. నీళ్ళోడుతున్న ఆ కోటును బావ ఒళ్ళో పరిచి, దాని మీద తనూ బోర్లా పడ్డాడు. కింద ఏదో వేడిగా కదిలి, చల్లారింది.

లేచి చూసేసరికి బావ ముఖం మీద బొబ్బలేమీ లేవు. కానీ పెదాలు నీలంగా మారుతున్నాయి. గుండెలు ఎగసిపడుతున్నాయి. వేలితో సిలిండరు వైపు చూపించాడు.

"ఇప్పుడే తిప్పకూడదు బావా. ఇంకా నిప్పు ఎక్కడుందో చూడాలి."

దుప్పటిని లాగి వానలోకి విసిరేశాడు. బావ చొక్కా విప్పేశాడు. చేతులు వేసి ఎత్తి, ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. జల్లు ఇద్దరినీ కొట్టింది.

"పెదాలు ముడిచి మెల్లగా ఊదు. డాక్టరు చెప్పినట్టు. ఊదు."

మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. పరుపు తడిమాడు, మంచం కింద తడిమాడు. పీక మంచంకోడు దగ్గర దొరికింది, అంటుకోనే లేదు. దాన్నీ అగ్గిపెట్టెనూ బకెట్ నీళ్ళలో ముంచేశాడు. అరలోంచి కొత్త గొట్టం తీసి సిలిండరుకు తగిలించాడు. గోడ గడియారం వైపు చూశాడు. జీవితమంతా సెకన్లతో బతికినవాడు, ఒక నిమిషం ఇంత పొడుగుంటుందని అప్పుడే తెలుసుకున్నాడు. ముందుగదిలోంచి వస్తున్న ఆయాసం చిన్నదవుతోంది. తొందరపడితే మంట, ఆలస్యమైతే మనిషి. చెయ్యి తాళం మీద పెట్టి, చివరిసారి గదంతా చూసి, తిప్పాడు.

కొత్త గొట్టాన్ని ముందుగదిలోకి లాగి ముక్కుకు పెట్టాక కూడా చాలాసేపటి వరకు బావ పెదాలకు రంగు రాలేదు. వచ్చాక నిదానం నేల మీద చతికిలబడ్డాడు.

అక్క సిలిండరు మోసుకొచ్చిన మనిషితో గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయింది. తడిసిన గచ్చు, చొక్కా లేని మొగుడు, కాలిన వాసన. ఆ మనిషి సిలిండరు దించి వెళ్ళాక అడిగింది.

"ఎవరు వెలిగించారు?"

బావ కళ్ళు మూసుకున్నాడు.

"నేనే అక్కా" అన్నాడు నిదానం.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి గురించి విన్నాను. చుట్ట కోసం అక్క ఇల్లే కాల్చబోయినవాణ్ణి నిన్నే చూస్తున్నాను." గొంతు పెంచలేదు ఆమె. "సాయంత్రానికల్లా నీ సామాన్లు సర్దుకో."

పైకి వెళ్ళి సంచీలో బట్టలు కుక్కుతూ, కిందినుంచి బావ ఒక్క మాటైనా అంటాడేమోనని చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ వినబడలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఎంతో లెక్క తేలక చొక్కాలు మడతపెట్టడం ఆపి, మంచం మీద కూర్చుండిపోయాడు.

పొద్దు వాలాక అక్క వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఆయన మొహం తుడుస్తుంటే మీసం పొడిగా రాలింది. నువ్వు వెలిగిస్తే ఆయన మీసం ఎందుకు కాలుతుందిరా?"

నిదానం తల దించుకున్నాడు.

"మరి చుట్టను కిందికి తెచ్చింది ఎవరు?"

"అది నేనే. వానకి తడుస్తోందని మెట్ల మలుపులో..."

"అయితే నువ్వు ఆడింది సగం అబద్ధమే." చెయ్యి చాచింది. "ఆ డబ్బా ఇలా ఇయ్యి."

ఇచ్చాడు. అందులో పదమూడు చుట్టలున్నాయి. అక్క వాటిని పెరట్లో వాననీళ్ళ తొట్టిలో పడేసింది. సంచీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇక కాల్చుకుంటే కొట్టు దగ్గరే, ఇంటికొచ్చి స్నానం చేసి బట్టలు మార్చాకే ఆయన గదిలోకి, అని మాత్రం చెప్పింది.

బావ రెండు రోజులు పలకలేదు. మూడో రోజు అక్క పెరట్లో ఉన్నప్పుడు దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"మంటకి భయపడలేదురా నేను. నువ్వు ఆ తాళం మీద చెయ్యి పెట్టుకుని, తిప్పకుండా నిలబడ్డావు చూడు. గుమ్మంలోంచి కనబడుతూనే ఉన్నావు. అప్పుడు భయపడ్డాను."

"తిప్పననుకున్నావా?"

"నీ నిదానం నాకు తెలుసుగా" అన్నాడు బావ. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, అక్క అడుగుల చప్పుడు వినబడేదాకా వదల్లేదు.

వానలు వెలిశాయి. నిదానం కొట్టు వెనక రోజుకొకటి కాల్చి, దాంతో సరిపెట్టుకోవడం నేర్చుకున్నాడు. చలికాలం వచ్చాక ఒక సాయంత్రం పాత అలవాటు కొద్దీ కాళ్ళు మేడ మీదికి నడిచాయి. దుప్పటి కప్పుకుని, ఉత్త చేతులతో కాసేపు కూర్చుని, కిందికి దిగి వచ్చాడు.

"ఎలా ఉంది పైన?" అన్నాడు బావ.

"మంచు పడుతోంది. గాలి లేదు."

"అలాంటప్పుడు గంట నిలుస్తుంది ఒక్కటి."

"నిలుస్తుంది."

"నాకు వినబడుతోంది" అంది అక్క పక్క గదిలోంచి.