టబ్బులో మగపీత

సెలవులిచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా మా హాస్టల్ ఖాళీ అయిపోయింది. మూడు వందల మంది ఆడపిల్లలు బ్యాగులు ఈడ్చుకుంటూ మెట్లు దిగి, ఆటోలెక్కి, హైవే మీద బస్సులు పట్టుకుని పోయారు. మిగిలింది ఏడుగురం. మెస్ మూసేశారు. పొయ్యి వెలగని మెస్ ముందు కుక్కలు కూడా రెండు రోజులు చూసి లేచిపోయాయి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేను మాత్రం ఒక పీత కోసం ఉండిపోయాను. నవ్వనక్కర్లేదు, నిజంగా పీత కోసమే.

నా పేరు రోజా. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ రెండో సంవత్సరం. మాది కోట టౌను అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికే వాళ్ల ఊరు. పుట్టిన దగ్గర్నుంచీ పీతల్ని చూశాను, పట్టాను, తిన్నాను, వాటి చేత కరిపించుకున్నాను. ఒక్కటి మాత్రం చూడలేదు. తల్లిపీత తన గుడ్లను పొట్ట కిందే మోస్తుంది. ఆ గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే ఘడియ ఎలా ఉంటుందో నేనే కాదు, మా డిపార్టుమెంటులో ఎవరూ చూడలేదు. ఆ సమయానికి అది లోతు సముద్రంలోకి పోతుంది. ఎవడు వెంటపడి చూస్తాడు?

మా గైడ్ సుశీల్ కుమార్ సార్ నా ప్రాజెక్టు కోసం మూడు పెద్ద ఆడ బురదపీతల్ని తెప్పించి, అడుగున ఇసుక పోసిన టబ్బుల్లో ఉంచారు. అందులో రెండు మొండికేశాయి. మూడోది డిసెంబరు పదమూడున గుడ్లు పెట్టింది. పొట్ట కింద నారింజరంగు ముద్ద చూసి నేను ల్యాబులో ఎగిరి గంతేశాను. "నీళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి పదిహేను రోజులు పట్టొచ్చు. రంగు నల్లబడిందంటే దగ్గరపడ్డట్టు. ఇది తప్పిపోతే నీ డిసర్టేషన్ ఇంకో సెమిస్టరుకు పోతుంది, చూసుకో" అని చెప్పి సార్ క్రిస్మస్‌కి కావలి వెళ్లిపోయారు.

అమ్మ ఫోన్ చేసింది. అక్క ధనలక్ష్మి పురిటికి వచ్చి ఉంది, తొమ్మిదో నెల.

"ఒక పూట కనపడి పోమ్మే. అక్క నిన్నే కలవరిస్తా ఉండాది" అంది.

"ఒక్క గంట కూడా వదిలి రాకూడదమ్మా. చదువంటే తమాషా అనుకుంటివా?" అని కసిరాను.

అమ్మ సరేలే అని పెట్టేసింది. అమ్మ పేరు మస్తానమ్మ. ఊళ్లో అందరి మీదా నోరు చేసుకుంటుంది గానీ నా చదువు మాటెత్తితే మాత్రం తగ్గిపోతుంది.

ఇప్పుడు సిగ్గులేకుండా అసలు సంగతి చెబుతాను. ఇరవైనాలుగో తారీకు మా రూమ్మేట్ ఫ్లోరా బిట్రగుంట నుంచి ఫోన్ చేసింది. "పొద్దున్నే రా రోజా, గుడికి పోదాం. మా నాయనమ్మ కేకు కూడా చేసింది" అంది. నేను చర్చి లోపల క్రిస్మస్ ఎలా జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు. చూడనిది ఏదైనా ఉందంటే నాకు ఒళ్లంతా దురద. పైగా ఉండేది ఒక్క పూటేగా! ట్యూబులైటు కింద గుడ్లు చూశాను, ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. ఇంకా మూడు రోజులు ఖాయం అనుకున్నాను. ల్యాబు తాళంచెవి వాచ్‌మన్ లాజరస్ అన్నకు ఇచ్చి, "గాలి మోటారు ఆగిపోకుండా చూడన్నా" అని చెప్పి, క్రిస్మస్ తెల్లవారుజామున రైలెక్కాను.

రైల్వే కాలనీలో పాత పెంకుల ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. గుళ్లో అందరూ కొత్త బట్టల్లో చాపల మీద కూర్చుని, కాళ్లు తిమ్మిర్లెక్కినా కదలకుండా పాటలు పాడారు. ఫ్లోరా నాయనమ్మ ఎస్తేరమ్మగారు నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని ప్రతి పాటకూ పేజీ తీసి చూపించారు. భోజనమయ్యాక బయల్దేరబోతే, "సాయంత్రం పిల్లల నాటకముండాది, అది చూడకుండా పోతావా?" అన్నారు. అంతే, కూర్చుండిపోయాను. గొర్రెల కాపరి వేషం వేసినవాడు మాటలు మర్చిపోయి వాళ్లమ్మను కేకేస్తే, పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

ఇరవైయారు పొద్దున తొమ్మిదింటికి నా దగ్గరున్న రెండో చెవితో ల్యాబు తలుపు తీశాను. మోటారు బుడబుడమంటోంది. టబ్బులో పీత ఉంది. హమ్మయ్య అనుకుని వంగి చూస్తే దాని డెక్కలు రెండూ నీలం నైలాన్ దారంతో కట్టేసి ఉన్నాయి.

ల్యాబులో పీతకు దారమెవరు కడతారు? తీసి తిరగేశాను. పొట్ట కింద గుడ్లు లేవు. గుడ్లు లేకపోవడం సరే, ఆడపీతకు పొట్ట కింద మడత చేటంత వెడల్పుగా ఉంటుంది. దీనికి సన్నగా, కొసదేలి ఉంది. మగపీత! మంచి కండపట్టిన, కేజీకి తగ్గని మగపీత నా టబ్బులో కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

నాకు ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. ఎవడో నా తల్లిపీతను కాజేసి, బజార్లో ఇంకోటి కొనుక్కొచ్చి పెట్టాడు. పెట్టినవాడు ఆడ మగ తేడా తెలియని మొద్దు. లేకపోతే నాకు తెలియదనుకున్న మొద్దు. ఇంకో రెండు టబ్బులూ చూశాను, ఆ మొండి పీతలు వాటి చోట అవి ఉన్నాయి. నీళ్లు గ్లాసుతో ముంచి లైటుకు పెట్టి చూశాను. పిల్లలు పుట్టిన జాడ లేదు. తలుపు గొళ్లెం చూశాను, చెక్కు చెదరలేదు. తాళంతో తీసి తాళంతోనే వేశారు. ఇంకో చెవి ఎవరి దగ్గరుంది? ఇంక ఆలోచించేదేముంది!

గేటు దగ్గర లాజరస్ అన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, పండక్కి కుట్టించుకున్న తెల్లచొక్కా మీద యూనిఫారం కోటు వేసుకున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడి అటూ ఇటూ చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కనిపించాడు నా కంటికి.

"అన్నా, నా పీత ఏమైంది?"

"టబ్బులో ఉండాది గదా పాపా."

"అది నా పీత కాదు. నిన్న ల్యాబులోకి ఎవరు పోయినారు?"

ఆయన కోటు గుండీ తిప్పుకుంటూ నేల చూశాడు.

"పండగ పూట కూర వండుకున్నారా? చెప్పన్నా! పన్నెండు రోజులు దాని పక్కన కూర్చున్నాను. నా సెమిస్టరంతా దాని పొట్ట కింద ఉంది. నిన్ను నమ్మి తాళమిస్తే ఇదా చేసేది?" నా గొంతు నాకే కీచుగా వినపడింది. ఎదురుగా పాల ప్యాకెట్లు తెస్తున్న ఇద్దరు హాస్టల్ పిల్లలు ఆగి చూస్తున్నారు.

"నేను తినలేదు పాపా. దేవుడి తోడు" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. తిట్టినా పడ్డాడు, బతిమాలినా అంతే. "సార్‌కి కంప్లయింటు ఇస్తా" అంటే "ఇచ్చుకో పాపా" అని కూర్చున్నాడు. ఆ "ఇచ్చుకో" విన్నాక నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. దొంగ ఎక్కడైనా అలా అంటాడా?

ల్యాబుకు తిరిగొచ్చి స్టూలు మీద కూలబడ్డాను. మగపీత నా వంక చూస్తోంది. పాపం దీనిదేం తప్పు, కట్లతో ఎంతసేపుందో అని చేతిలోకి తీసుకున్నాను. బజారు పీత కట్టు విప్పాలంటే బ్లేడు కావాలి, పీటముడి మీద పీటముడి వేస్తారు. నేను బ్లేడు వెతకలేదు. ఆలోచించకుండానే నా వేలు వెనక కాళ్ల సందులోకి పోయి, అక్కడున్న కొస పట్టుకుని లాగింది. ఒక్క లాగుకు దారమంతా ఊడి చేతిలోకి వచ్చేసింది.

దారం కొస చూశాను. కత్తితో కోసింది కాదు, పంటితో కొరికింది.

మా ఊళ్లో ఇన్ని ఇళ్లున్నా కొసను వెనక కాళ్ల సందులో దాచి ముడేసే మనిషి ఒక్కతే ఉంది. ఆ ముడి నాకు ఏడో ఏట నేర్పింది కూడా ఆమే.

మళ్లీ గేటు దగ్గరికి పోయాను. ఈసారి మెల్లగా పోయాను.

"అన్నా, మా అమ్మ వచ్చిందా?"

లాజరస్ అన్న బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "నేను చెప్పలేదు, నువ్వే కనుక్కుంటివి, సరేనా? నిన్న మధ్యాన్నం వచ్చింది పాపా, నీ పీతను చూస్తానంటే తాళం తీసినా. నువ్వు బిట్రగుంటకు పోయినావంటే నవ్వింది. పోనీలే, పిల్ల పండగ చూడాలనుకునుంటాది అనింది. పోతా పోతా, నేను వచ్చినట్టు చెప్పబాక అన్నా, పిల్ల బాధపడద్ది అనింది. నేను మాటిచ్చినాను." లోపలి గదిలోంచి స్టీలు డబ్బా తెచ్చి నా చేతికిచ్చాడు. "చేపల పులుసు. నువ్వే తినన్నా అనింది. నాకెట్టా దిగద్ది?"

హాస్టల్ పిల్లల ముందు నేనన్న మాటలన్నీ ఆయన అమ్మకిచ్చిన ఆ మాట కోసం పడ్డాడు. "తప్పయిపోయింది అన్నా" అని చేతులు పట్టుకున్నాను. "పోనీ పాపా, నీ తావున నేనున్నా అట్టనే అరిచేవాణ్ణి" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ల్యాబు మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే అడిగాను, "అమ్మా, నా పీత ఏది?"

"లాజరస్ అన్న చెప్పినాడా?"

"నీ ముడి చెప్పింది."

"నీకు కూర చేయించి పెడదామని ఒక ఎండ్రకాయ తెచ్చినా. నువ్వు లేవు. నీ టబ్బులో దాన్ని చూసినా. ఎండలోకి తీస్తే గుడ్లు నల్లగా, లోపల పిల్లల కండ్లు కూడా కనపడతా ఉండాయి. ఇంట్లో అక్క నిండు మనిషి. ఇంట్లో నిండు మనిషి ఉంటే గుడ్ల ఎండ్రకాయను మనం కట్టి ఉంచుతామా? వలలో పడ్డా వదిలేస్తాం గదా. అక్కకు ఇదివరకే రెండు పోయినాయి, నీకు తెలవదా?"

నాకు తెలుసు. తెలిసీ, అది ఊళ్లో మాట, ఇది ల్యాబు అనుకున్నాను.

"అది నా చదువమ్మా! సెమిస్టరు పోయింది నాకు!" అని అరిచాను.

"ఎండ్రకాయకు ఎండ్రకాయ పెట్టినా గదే! దానికంటే పెద్దది. మగది, కండ కూడా ఎక్కువ. నీ లెక్కకు సరిపోద్దనుకుంటిని."

కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. నా ప్రాజెక్టు ఏమిటో ఇన్ని నెలల్లో అమ్మకు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పిన పాపాన పోలేదు. ఎప్పుడు అడిగినా పీతల గురించమ్మా అని దులిపేశాను.

"నన్ను అడగొచ్చు గదమ్మా."

"అడుగుదామనే సాయంత్రం ఆఖరి బస్సు దాకా ఆ మెట్ల మీదనే కూర్చుంటిని. ఫోన్ చేస్తే పండగ కాడి నుంచి బయల్దేరి వచ్చేస్తావని చెయ్యలేదు. నువ్వు రాకపోతివి."

ఏ మెట్లు అని అడగలేదు. ల్యాబుకు ఉన్నవి ఈ మూడు మెట్లే. గంట కూడా కదలకూడదని కసిరినదాన్ని నేను. అలా కసిరి పండక్కి ఎలా పోయావని ఆమె ఇప్పుడు కూడా అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ అవతల "ఊరుకోమ్మే, ఊరుకో" అంటూ ఉండిపోయింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగాను. "ఎక్కడ వదిలావు?"

"పొద్దున, ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ. మోకాటి లోతు నీళ్లలో దించినా. మీ నాయన గట్టున కూర్చోనుండాడు. వదిలితే పోలేదే అది! కాళ్ల కొసల మీద లేచి నిలబడింది. పొట్ట మడత తెరిచి ఇదిలించింది. పొగ మాదిరి లేచింది నీళ్లలో. ఏందా అని వంగి చూస్తే అంతా పిల్లలు, కంటికి ఆనీ ఆననట్టు."

నేను లేచి నిలబడ్డాను. పన్నెండు రోజులు దాని పక్కన కూర్చుని ఎదురుచూసింది ఇదే. ల్యాబులోకి పరిగెత్తి నోటుబుక్కు తీశాను.

"ఒక్కసారే ఇదిలించిందా? ఆగి ఆగా?"

"ఆగి ఆగి. అలిసిపోయినట్టు నిలబడద్ది, మళ్లా ఇదిలిస్తాది."

"ఎంతసేపు?"

"గడియారం చూసుకుంటా కూర్చుంటామా? మీ నాయన ఒక బీడీ తాగి ఇంకోటి ముట్టించే దాకా."

"నీళ్లు పోటు మీదున్నాయా, పాటు మీదా?"

"పాటు. సముద్రంలోకి లాగతా ఉండాయి. పిల్లలన్నీ దాంతోనే పోయినాయి."

"పిల్లలు పైకి తేలాయా, కిందికి దిగాయా? ఏ రంగు? తల్లి వాటి వెంట పోయిందా?"

ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాను, అమ్మ ఓపిగ్గా చెబుతోంది, నేను రాసుకుంటున్నాను. ఇవేవీ డిసర్టేషనులో చెల్లవని నాకు తెలుసు. సార్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, చెబితే ఏమంటారో కూడా తెలుసు. అయినా పెన్ను ఆగలేదు.

చివరికి అమ్మే అంది, "నేనేం చెప్పగలను తల్లీ, నాకు చూడటం రాదు. మీ నాయనతో అంటానే ఉండా, ఇది చూడాల్సింది మనం కాదు, రోజా అని."