ఎల్మాస్ వదులుకోలేదు

కాంట్రాక్టరు రుక్నెత్తిన్ బే చచ్చాడు. జైల్లో కాదు, సొంత పరుపు మీద, కొడుకుల మధ్య. భూకంపం వచ్చి మూడో ఏడు నడుస్తోంది, తీర్పు ఇంకా రాలేదు. ముద్దాయి చస్తే కేసూ చస్తుందట. వకీలు ఫోన్ చేసి ఆ ముక్క చెప్పాడు. ఎల్మాస్ అక్క విని, ఫోన్ పక్కన పడేసి, మళ్ళీ వంకాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆ కాంట్రాక్టరు కట్టిన గుల్ అపార్ట్‌మెంట్ కిందే ఆమె కూతురు నజ్లీజాన్ పోయింది. కింద కార్ల షోరూం పెట్టడానికి వాడు స్తంభాలు కోయించాడు. తప్పని తెలిసీ సర్కారు జరిమానా పుచ్చుకుని, ముద్ర కొట్టి క్షమించేసింది. మా దేశంలో సిమెంటుకి క్షమాభిక్ష దొరుకుతుంది. శిథిలాల కిందినుంచి మనిషి అరిస్తే మాత్రం క్రేను దొరకదు.

ఇళ్ళు కూలినవాళ్ళకి సర్కారు ఇచ్చిన రేకు కంటైనర్లలో ఆమె పక్కదాంట్లో నేనుంటాను. మినీబస్సు తోలుతాను. అందుకే ఆ సాయంత్రం అధికార పార్టీ మనిషి తాహ్సిన్ ఆమె గుమ్మంలో కూర్చుని చెప్పిందంతా విన్నాను.

"అక్కా, రేపు మధ్యాహ్నం నమాజు అవగానే ఖననం. ఎండ మండిపోతోంది. నువ్వు ఇంటిపట్టునే ఉండు."

"ఏ ఇల్లురా? ఈ రేకు డబ్బానా?"

"ఆ మాటే చెప్పబోతున్నా. వచ్చే వారం కొత్త ఫ్లాట్లకి లాటరీ. నీ పేరు ఉండేలా చూసే పూచీ నాది. రేపు నువ్వు రాకుండా ఉంటే చాలు."

"వస్తే?"

"పేర్లు మాయమవుతుంటాయక్కా. కాగితాలే కదా."

"స్తంభాలూ అలాగే మాయమయ్యాయి."

ఆమె లేచి, అతని సగం తాగిన టీ గ్లాసు మీద చెంచా అడ్డంగా పెట్టింది. ఇక చాలు అని దాని అర్థం. తాగేవాడు పెట్టుకోవాలి దాన్ని. పోసిన మనిషి పెట్టడం నేనెన్నడూ చూళ్ళేదు. తాహ్సిన్ మొహం మాడ్చుకుని పోయాడు.

"అంత అవసరమా అక్కా? ఫ్లాటు పోతుంది," అన్నాను.

"వెలీ, రేపు ఇమాం అడుగుతాడు కదా, ఈయన మీద మీకున్న హక్కు వదులుకుంటున్నారా అని. జనం వదులుకున్నాం అంటారు. నేను నోరెత్తకపోతే అందులో నా గొంతూ కలిసినట్టే. కోర్టు పోయింది. నాకు మిగిలింది ఆ ఒక్క ప్రశ్నేరా."

హక్కు వదులుకోవడమంటే పోయినవాడు మనకి చేసిన అన్యాయాన్ని దేవుడి ముందు మాఫీ చెయ్యడం. దొంగ పోయినా, పెళ్ళాన్ని చావబాదినవాడు పోయినా ఆ ప్రశ్నకి మా జవాబు ఒకటే. నోటి అలవాటు. దేవుడి ముందు అబద్ధం ఆడుతున్నామన్న సిగ్గు కూడా ఉండదు.

మర్నాడు మసీదు ఆవరణ నిండిపోయింది. పార్టీ బస్సులు వేసి జనాన్ని తోలుకొచ్చింది. శవపేటిక రాతి అరుగు మీద ఉంది. ఆడవాళ్ళు వెనక, కుళాయిల దగ్గర నిలబడ్డారు. ఎల్మాస్ అక్క వాళ్ళ ముందుంది.

"ఈయన ఎలాంటి మనిషి?" అన్నాడు ఇమాం.

"మంచి మనిషి!"

"ఈయన మీద మీకున్న హక్కు వదులుకుంటున్నారా?"

"వదులుకున్నాం!"

మూడుసార్లు అడగాలి. రెండోసారి అడిగాడు.

"నేను వదులుకోను!"

ఆవరణంతా వెనక్కి తిరిగింది.

"ఎవరది? నోరు మూయండి అక్కడ!" అని తాహ్సిన్ అరిచాడు.

"నువ్వు మూసుకోరా! నీ చీమిడి ముక్కు తుడిచిన చేతులివి," అంది ఎల్మాస్ పక్కనున్న ముసలావిడ.

పోయినవాడి పెద్ద కొడుకు చేతులు జోడించినంత పని చేశాడు. "అమ్మా, చనిపోయిన మనిషి. దేవుడికి భయపడండి."

"దేవుడికే చెప్తున్నా బాబూ. నా కూతుర్ని వాడి గోడల కిందినుంచి నా చేతులతో తవ్వి తీసుకున్నా. హక్కు నాది. వదలను. జవాబు అక్కర్లేకపోతే అడగొద్దు."

ఇమాం ఆనవాయితీ తప్పించుకోలేడు. మూడోసారి అడిగాడు. బస్సుల వాళ్ళు కొందరు వదులుకున్నాం అని గొణిగారు. మా వరసలోంచి రొట్టెల కొట్టు హుర్షిత్ అన్నాడు, "నేనూ వదులుకోను." ఇంకో గొంతు. మరొకటి. తర్వాత నాది.

నమాజు అయింది. కొడుకులు పేటిక ఎత్తారు.

మా దగ్గర పేటికని ఎవరూ చివరిదాకా మొయ్యరు. వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఎగబడి తలా నాలుగడుగులు భుజం ఇస్తారు. నీళ్ళ మీద పడవలా అది చేతుల మీదుగా పోతుంది. ఆ రోజు ఎవరూ కదల్లేదు. బస్సుల్లో వచ్చినవాళ్ళు మా మొహాలు చూశారు. వాళ్ళలోనూ గుల్ కింద అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ తల దించుకుని పక్కకి జరిగారు.

గేటు దాకా రాకుండానే చిన్న కొడుకు మోకాలు వంగిపోయింది.

"వెలీ, భుజం పట్టరా!" అన్నాడు తాహ్సిన్ పళ్ళ బిగువున.

"నా భుజం పనిచెయ్యదు అన్నా. ఆ రాళ్ళు తీసినప్పుడే పోయింది."

పేటికని నేల మీద దించి, మునిసిపాలిటీ వ్యాను పిలిపించుకున్నారు.

లాటరీలో ఎల్మాస్ అక్క పేరు లేదు. తాహ్సిన్ జన్మలో ఒక్క మాట నిలబెట్టుకున్నాడు. ఆమె ఇంకా ఆ రేకు డబ్బాలోనే ఉంది.

మా ఇమాం ఇప్పటికీ ప్రతి చావుకీ ఆ ప్రశ్న అడుగుతాడు. అడిగి, వెనక ఆడవాళ్ళ వైపు చూసి, ఆగుతాడు. జవాబు కోసం.