చదవకుండా దాటేసిన పేరాలు

మధ్యాహ్నం మూడయ్యేసరికి మా తమ్ముడి కార్ల షెడ్డులో, రేకుల కప్పుకి ఉన్న చిల్లుల్లోంచి ఎండ సన్నని ఊచల్లా దిగుతుంది. అందులో దుమ్ము తేలుతూనే ఉంటుంది, కింద పడదు. ఆ వేళకి పని ఆపి వాడు ఒక పాత కారు సీటు మీద కళ్లు మూసుకుని కూర్చుంటాడు. నేను స్టూలు మీద కూర్చుని పేపర్లో కార్ల పేజీ చదివి వినిపిస్తాను. వాడి కళ్లకు శుక్లాలు. నట్టు ఏ సైజో వేలితో తడిమి చెప్పగలడు గానీ, అచ్చక్షరం మాత్రం వాడికి పొగమంచే. నేను బడికి వెళ్లలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకేనేమో, నా చదువంటే వాడికి గురి.

ఆ గురిని నేనే పాడుచేశాను.

వాడి కూతురు కరెంటు కార్ల పని నేర్చుకుని వచ్చింది. షెడ్డులో ఒక మూల బ్యాటరీ పనికి ఇమ్మని ఆరు నెలలుగా అడుగుతోంది. వాడు ఇంజను మనిషి. మహా దిగితే, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ దాకా వస్తాడు, అందులోనూ ఇంజనుంది కాబట్టి. అడిగీ అడిగీ విసిగిపోయి, ఒకటో తారీఖున పక్క ఊళ్లో బ్యాటరీ షెడ్డులో చేరతానని చెప్పేసింది పిల్ల. ఇంకా పది రోజులుంది. మరదలు పోయాక ఇంట్లో మేం ముగ్గురమే. గుమ్మంలో ఎవరైనా చెప్పులు వెతుక్కుంటేనే నాకు గుండె జారిపోతుంది.

ఇంతకీ నేను చేసిందేమిటంటే, పేపర్లో హైబ్రిడ్‌ను మెచ్చుకున్న మాటలు గట్టిగా చదివేదాన్ని. కరెంటు కార్లను మెచ్చుకున్న పేరా వస్తే, తమ్ముడి మొహం చిన్నబోతుందని దాటేసేదాన్ని. వాడు చిన్న నవ్వుతో నిద్రలోకి జారుకునేవాడు. నాకూ కలలో ఉన్నట్టు హాయిగా ఉండేది. ఆ హాయే పిల్లని గడప దాటిస్తుందని తోచలేదు.

ఆ రోజు నర్సమ్మ వచ్చింది. ఇళ్లకు వెళ్లి రోగులకు కట్లు కట్టి, సూదులు వేసే మనిషి. ఎవరో వాడిన కరెంటు కారు ఒకటి తోలుకొచ్చింది.

"దీన్ని అమ్మేవాళ్లు ఒక రోజు నడిపి చూడమన్నారు. ఇంకోచోట హైబ్రిడ్ చూశాను. నేను వెళ్లేవన్నీ ఆయాసంతో బాధపడేవాళ్ల ఇళ్లు. వాళ్ల గుమ్మం ముందు పొగ వదలాలంటే మనసొప్పడం లేదు. ఏది కొనమంటారు?"

"హైబ్రిడ్డే," అన్నాడు తమ్ముడు. "ఆ కరెంటు ఎక్కణ్నించి వస్తుందమ్మా? బొగ్గు కాలిస్తేగా! మన చెత్త పక్కింట్లో పోసి, మన వాకిలి శుభ్రం అన్నట్టుంది."

"హైబ్రిడ్డేమైనా మంచినీళ్లతో నడుస్తుందా నాన్నా?" అంది పిల్ల. "తాగుబోతు సగం గ్లాసుకి దిగాడని సన్మానం చేస్తామా?"

"ఓ బ్యాటరమ్మా! అంత పెద్ద బ్యాటరీకి ఎంత కొండ తవ్వాలో తెలుసా? ఆ సరుకుతో ఎన్ని హైబ్రిడ్లకు చిన్న బ్యాటరీలు పెట్టొచ్చో!"

"తవ్వుతారు, కాదన్లేదు. మరి పెట్రోలు చెట్టుకి కాస్తుందా?"

నర్సమ్మ నవ్వింది. తమ్ముడు నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పక్కా. కరెంటు కారు తయారీలోనే పొగ ఎక్కువని మొన్న రాశారా లేదా?"

"రాశారు," అన్నాను.

"అంతవరకే రాశారా అత్తా?" అంది పిల్ల. నేను తల వంచుకున్నాను. "పోన్లే, పది రోజులేగా," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చోలేకపోయాను. మొన్నటి పేపరు తీసి, దాటేసిన పేరా పైకి చదివాను. తయారీలో పొగ ఎక్కువే అయినా, కొన్నేళ్లు తిరిగేసరికి కరెంటు కారు ఆ లోటు పూడ్చేస్తుందని, కరెంటు ఎంత శుభ్రంగా తయారైతే అంత తొందరగా పూడుతుందని ఉంది అందులో.

"ఇదొక్కటే కాదురా," అన్నాను. "చాలా వదిలేశాను. చలికాలం నుంచీ."

"కళ్లు నాకే పోయాయనుకున్నాను," అన్నాడు తమ్ముడు. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

"మళ్లీ చదువు. మెల్లగా."

చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. ఆ తర్వాత లేచి, "ఆ బండెక్కించండి నన్ను," అన్నాడు.

పిల్ల నడిపింది. వాడు ముందు, నేనూ నర్సమ్మా వెనక. బండి కదిలిందని నాకు తెలియనే లేదు. గోడలే మెల్లగా వెనక్కి జరిగాయి. అద్దాలు దించితే వీధి వీధంతా లోపలికి వచ్చింది. ఎవరింట్లోనో కుట్టుమిషను చప్పుడు, డాబా మీద తడిబట్ట దులిపిన చప్పుడు, పాఠం వల్లిస్తున్న చిన్న గొంతు. నీళ్లలో పడవ మీద పోతున్నట్టుంది. ఇలా ఎవరైనా వెళ్లిపోతే, వెళ్లినట్టు కూడా తెలియదు కదా అనుకున్నాను.

తమ్ముడు మెడ పక్కకి వంచాడు.

"వెనక ఎడమ చక్రం. బేరింగు మూలుగుతోంది."

"నాకేం వినపళ్లేదే!" అంది పిల్ల.

"నీకేం వినపడుతుంది? ఇంజను గోల ఉంటే నాకూ వినపడేది కాదు."

షెడ్డుకి రాగానే పిల్ల జాకీతో బండి ఎత్తి చక్రం తిప్పింది. గరగరమంది. పిల్ల మొహంలో వెలుగు చూశాను. ఓడిపోయినవాళ్ల మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంతకీ ఏది కొనను?" అంది నర్సమ్మ.

"రోజుకెంత తిరుగుతావమ్మా?"

"నలభై కిలోమీటర్లుంటుంది."

"ఇంటి దగ్గర ఛార్జింగుకి చోటుందా?"

"ఉంది."

"అయితే ఇదే కొనుక్కో. బేరింగు పేరు చెప్పి ధర తగ్గించమను. కానీ ఛార్జింగు దొరకని దూరాలు పోయేవాళ్లకి హైబ్రిడ్డే. అది మాత్రం వదల్ను."

"దాని సంగతి రేపు చూద్దాం," అంది పిల్ల.

వాడు బండి కిందకి దూరుతూ, మామూలు మాటలా అడిగాడు: "ఆ మూలనున్న పాత ఇంజన్లు తీసేస్తే నీకు చోటు సరిపోతుందా?"

పిల్ల నేరుగా నా దగ్గరికి వచ్చింది. "అత్తా, నా చేతులకి గ్రీజు. ఆ బ్యాటరీ షెడ్డుకి ఫోను కలిపి నా చెవి దగ్గర పెట్టు."

రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారికి కలిపి దాని చెవి దగ్గర పెట్టాను.

"సార్, ఒకటో తారీఖుకి రాలేనండీ... ఎన్నాళ్లంటారా? మా నాన్న వాదనలో ఓడేదాకా."

బండి కిందనుంచి తమ్ముడి గొంతు వినపడింది. "అయితే వేరే మనిషిని చూసుకోమను. ఆ పదో నంబరు పానా ఇలా అందుకో."