బుడ్డోడి చుట్టూ గీత

ఆ రోజు ఇంట్లో అమ్మ, అక్క, అక్క కొడుకు బుడ్డోడు, నేను ఉన్నాం. పెద్ద గదిలో తట్టల నిండా పట్టుపురుగులు ఉన్నాయి. వాటినీ ఇంటివాళ్లలో కలపాలి, మా అందరికంటే ముందు తిండి వాటికే కాబట్టి. బావ వాటి మేతకు మల్బరీ ఆకు కోయడానికి తోటకు వెళ్లాడు.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పొర విడిచేటప్పుడు మేత మాని పడుకుంటాయని మావాళ్లు దాన్ని జ్వరం అంటారు. లేచాక ఆపకుండా తింటాయి. అమ్మ, అక్క ఆ గది వదిలి రాలేరు. పురుగుల మీద గుడ్లు పెట్టే ఈగలు దూరకుండా తలుపు మూసే ఉంచాలి. బుడ్డోడేమో పురుగు కనిపిస్తే చాలు, ఊపిరి బిగబట్టి నీలంగా మారేదాకా ఏడుస్తాడు. వాణ్ణి బయట ఎత్తుకు తిరగడానికి నన్ను బడి మాన్పించారు.

"అక్కా, రేపు నా పరీక్ష," అన్నాను తలుపు సందులోంచి.

"వాడు లోపల కూర్చుంటే వెళ్లు తల్లీ, నేనొద్దన్నానా?"

"చిన్నప్పుడు మీ అక్కా ఇంతే," అంది అమ్మ. "ఇప్పుడు చూడు, మొగుడికంటే వీటినే ముద్దుగా చూసుకుంటోంది."

"నువ్వూరుకోవే అమ్మా!"

నాకు నవ్వు రాలేదు. ఈ పరీక్ష రాయకపోతే నాకు పై తరగతి లేదు. నేను బడిలో నోరు విప్పేది తక్కువ, రాయడమొక్కటే వచ్చు.

పురుగు మీద పాట కట్టి పాడాను. బుడ్డోడు నా భుజం కొరికాడు. అరచేతి మీద పెన్నుతో పురుగు బొమ్మ వేశాను. నా చేతినే చూడనన్నాడు. బతిమాలాను, తిట్టాను, చివరికి నేనే ఏడ్చాను. వాడు ఏడుపాపి నన్ను వింతగా చూశాడు.

అప్పుడే వంటింటి గడప దగ్గర చీమల బారు వచ్చింది. అలమరలోంచి చీమల మందు సుద్ద తీసి గీత గీశాను. చీమలు వెనక్కి తిరిగాయి. బుడ్డోడు కళ్లార్పకుండా చూశాడు. వాణ్ణి కూర్చోబెట్టి చుట్టూ గీత గీశాను.

"ఇది దాటి ఏదీ రాదు నాన్నా."

"లాదు?"

"రానే రాదు."

పెద్ద గదిలోని మేత బుట్టలోంచి ఒక ఆకు తీసి, దాని మీద ఒక పురుగును తెచ్చి గీత అవతల పెట్టాను. వాడు ఏడవలేదు. గీత మీద చేతులు ఆనించి ముందుకు వంగాడు. వేలితో పురుగును తాకాడు, కిలకిల నవ్వాడు.

వాణ్ణి చంకనేసుకుని పెద్ద గదిలోకి పరుగెత్తాను. "అక్కా! ముట్టుకున్నాడే!"

కిందికి దించగానే రెండు చేతులూ తట్టలో పెట్టి పురుగులను నిమిరాడు. "నా బంగారు కొండా!" అంటూ అక్క వంగింది. వంగి, అలాగే ఆగిపోయింది.

"ఆకు మీద ఆ తెల్లపొడి ఏంటే?"

వాడు నిమిరిన పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. పచ్చటి రసం కక్కుతున్నాయి.

"చీమల సుద్ద," అన్నాను.

అమ్మ ఆ తట్టను బయటకు లాగింది. అక్క బుడ్డోడి చేతులు బకెట్లో ముంచి రుద్దింది.

"నువ్వేం ముట్టుకున్నావు?"

"ఈ సుద్ద చేత్తోనే మేత బుట్టలోంచి ఆకు తీశాను."

అక్క ఆ బుట్ట వంక చూసింది. అందులో ఆకు సగమే మిగిలింది. మిగతాది అన్ని తట్టల్లోనూ ఉంది. నన్ను గడప దాకా నెట్టింది. ఆమె వెనక బుడ్డోడు తట్టల వైపు తడి చేతులు చాచి, "ఇంకా! ఇంకా!" అని గొడవ చేస్తున్నాడు.

"అక్కా, రేపు..." అన్నాను.

తలుపు మూసేసింది.