మెట్లకు తాళం

ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో, చివరి గది గడియ పెట్టుకుని, తోడికోడళ్ళిద్దరూ నిలబడి అన్నం తింటున్నారు. గిన్నె ఫ్లష్ ట్యాంకు మీద ఉంది. చిన్నకోడలికి అయిదో నెల. రెండు ముద్దలు దిగితే మూడోది తిరగబడుతోంది.

"ముక్కు మూసుకుని మింగవే," అంది పెద్దకోడలు.

"మూసుకుంటే నోట్లోకొస్తోందక్కా వాసన."

నెల కిందటిదాకా ఈ నగరపాలక కార్యాలయాన్ని తుడిచేవాళ్ళంతా వెనక మెట్ల మీద కూచుని తినేవారు. గాలి తగిలేది, కబుర్లు సాగేవి. అంతలో సమానత్వం వచ్చింది. మనుషులు మెట్ల మీద తినడం సిగ్గుచేటని ఈ వార్డు సభ్యురాలు నగరసభలో గంటసేపు మాట్లాడి, గుమాస్తాల భోజనశాలను అందరికీ తెరిపించారు. ఇకపై ఎవరికీ ఆ అవమానం జరగకూడదని మెట్లకు తాళం వేయించారు. మంచి మనిషి. మాట్లాడుతూ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారట.

భోజనశాలలో భోజనం నూట ముప్పై. ఇంటి గిన్నెలు లోపలికి రానివ్వరు. తుడిచేవాళ్ళ రోజు కూలి నాలుగు వందలు. తిండికని గేటు దాటితే అరపూట కోత. దాంతో సమానత్వం ఈ గడియ పెట్టిన గదిదాకా వచ్చి ఆగింది.

"లోపలున్నారా?" నడవలోంచి సూపర్‌వైజరు కేకేశాడు. "సభ్యురాలు వచ్చారు, ఫొటో తీస్తారట. ఇవాళ మీకు భోజనం ఉచితం. నవ్వుతూ రండి. ఏడుపు మొహాలేసుకుని వస్తే రేపటికి వేరేవాళ్ళను చూసుకుంటాను."

భోజనశాలలో మధ్య బల్ల దగ్గర వాళ్ళిద్దరినీ కూచోబెట్టారు. పక్క కుర్చీలోనే సభ్యురాలు కూచున్నారు. పళ్ళేల్లోంచి ఆవిరి లేస్తోంది.

"చెప్పమ్మా, అందరితో కలిసి కూచుంటే ఎలా ఉంది?"

"కుర్చీ బాగుందండీ," అంది పెద్దకోడలు. "రేపు కూడా కూచోవాలంటే మా ఇద్దరికీ రెండు వందల అరవై కావాలండీ. ఆ మెట్ల తాళం తీయించండమ్మా."

సభ్యురాలి మొహం వాడిపోయింది. "మళ్ళీ మిమ్మల్ని మెట్ల మీద కూచోబెట్టమంటావా?"

"వద్దండీ. అయితే కూలి పెంచండి."

"అది కాంట్రాక్టరు చూసుకునే విషయం, నా చేతిలో లేదు. ముందు గౌరవం రానీ అమ్మా. మిగతావి దాని వెనకాలే వస్తాయి."

"ముందొచ్చింది వచ్చి నెలైందండీ. వెనకాలొచ్చేది ఎక్కడిదాకా వచ్చిందో?"

పక్క బల్ల దగ్గర ఒక గుమాస్తా పొలమారి దగ్గాడు. సూపర్‌వైజరు జేబులోంచి హాజరు పుస్తకం తీశాడు.

"కాస్త ఇటు చూడండక్కా," అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోండి, చాలు."

పెద్దకోడలు పళ్ళేన్ని రెండు చేతులా ముందుకు జరిపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకొద్దండీ."

కెమెరా మెల్లగా చిన్నకోడలి వైపు తిరిగింది. ఆమె అప్పటికే ముద్ద కలిపి ఎత్తింది. నెల తర్వాత కూచుని, వాసన లేనిచోట, వేడివేడిగా. ఒకసారి తోడికోడలి వైపు చూసింది, ఒకసారి సూపర్‌వైజరు చేతిలోని పుస్తకం వైపు. ముద్ద నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగిపోయింది.

"అంతే, అలాగే ఉండండి," అన్నాడు ఫొటోగ్రాఫరు.