ఏడో నంబరు నడక

నీళ్ల నడుమ పుట్టి ఆగింది. మేడ మీంచి చూస్తే చాటంత కనబడుతోంది. అందులో ఇద్దరున్నారు. తెడ్డు పట్టుకున్నవాడు వెంకన్న. చేతులు వెనక్కి కట్టేసి కూర్చోబెట్టిన నీలం చొక్కావాడు సాయిలు అల్లుడు సురేశ్.

"నీ అల్లునికి ఈత వచ్చా?" అన్నాడు కృష్ణకాంత్, సీతాఫలం గింజ ఊస్తూ.

"రాదు సారు." సాయిలు పుట్టి మీంచి చూపు తిప్పలేదు.

"ఫోన్ల దుకాణం పెట్టుకున్నోనికి ఈతెందుకులే." కృష్ణకాంత్ పండు ఇంకో చెక్క విప్పాడు. "ఫికర్ జెయ్యకు. ఇయ్యాల ఆఖరి రేసుల నువ్వు చెప్పిన గుర్రం గెలిచిందనుకో, నీ భుజం మీదున్న గీ తెల్ల తువ్వాలనే తీసుకుని గీ గోడకాడ నిలబడి మూడుసార్లు ఊపుత. వెంకన్న మీ పోరన్ని చేపల రేవుల దింపి కట్లు విప్పుతడు. పొద్దుగూకేదాక తువ్వాల కనబడలేదనుకో, వెంకన్న ఒక్కడే తిరిగొస్తడు."

"ఫోన్ చేసి చెప్పరాదా సారు?"

"ఫోన్ మాట్లాడితే ఎప్పుడో ఒకనాడు ఎవడో ఒకడు బయటికి తీస్తడు. తువ్వాల ఊపితే ఏం దొరుకుతది?"

నందికొండ అవతల, సాగర్ నీళ్లకు ఆనుకుని కట్టిన ఇల్లది. మేడ మీద రేకుల షెడ్డు, షెడ్డులో గోడంత టీవీ. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఉన్న ఒక్క మనిషి వెంకన్న ఇప్పుడు నీళ్ల మీద ఉన్నాడు.

ఇంతదాకా తెచ్చింది సాయిలు కళ్లే. ముప్ఫై అయిదేళ్లుగా మక్తల్ చుట్టుపక్కల సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చిన దళారి అతడు. ఎద్దును పది అడుగులు నడిపిస్తే చాలు, దాని నొప్పి ఎక్కడుందో చెప్పేవాడు. ట్రాక్టర్లొచ్చి బేరాలు సన్నగిల్లాక అల్లుడి దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఒక ఆదివారం సురేశ్ ఫోన్‌లో గుర్రప్పందాలు చూస్తున్నాడు. పరుగుకు ముందు గుర్రాలను గుండ్రంగా నడిపించి చూపిస్తారు. సాయిలు ఊరికే తొంగిచూసి, "గా నాలుగోది గెలవదు. ఎనక కాలు ముంగటి కాలి అచ్చుదాక వస్తలేదు" అన్నాడు.

అది అందరికన్నా ఆఖరున వచ్చింది. సురేశ్ ఆ రాత్రి నిద్రపోలేదు.

తర్వాత ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పట్టారు. ఏ గుర్రం ఎంత దూరం బాగా పరిగెత్తింది, తడి నేల మీద ఎట్లా ఉరికింది, పైన ఎంత బరువు వేశారు, ఇవన్నీ సురేశ్ నోటుబుక్కులో రాసేవాడు. గెలిచిన గుర్రానికి తర్వాతి పందెంలో బరువు పెంచుతారని తెలిసినప్పుడు సాయిలు నవ్వాడు. "మంచి ఎద్దుకే బరువు బండి గడుతరు గదా!" నడక మాత్రం అతని లెక్క. గెలిచేదాన్ని వెతకవద్దు, గెలవనివాటిని కొట్టేసుకుంటూ పోవాలి. మిగిలిన రెండుమూడింట్లో మొదటి స్థానం మీద కాకుండా మొదటి మూడింట్లో వస్తుందన్న దాని మీదే కాయాలి. ఎనిమిది రేసుల్లో రెండింటికి మించి ముట్టుకోవద్దు. "అన్ని సంతలల్ల కొనేటోడు ఆఖరికి పలుపుతాడు గూడ అమ్ముకుంటడు అల్లుడా" అనేవాడు.

తొమ్మిది ఆదివారాలు గడిచాయి, ప్రతిసారీ ఎంతో కొంత చేతికొచ్చింది. సురేశ్ నోరు ఊరుకోలేదు. దొంగచాటుగా పందేలు కట్టించుకునే మనిషితో, "మా మామ నడక చూసి చెప్తడు" అని గొప్పలు పోయాడు. ఆ మాట మెట్టుమెట్టు ఎక్కి, రెండు జిల్లాల పందేలు నడిపే కృష్ణకాంత్ చెవిన పడింది. ఈ పొద్దున కారొచ్చింది. సాయిలు బిడ్డ వర్షిత చాయ పెడతానంటే వెంకన్న, "వద్దక్కా, సారుతోని రెండు మాటలు మాట్లాడి మాపటికల్ల వస్తరు" అన్నాడు. ఆమె నమ్మింది.

"ఆఖరిదానికి ముందు రేసు చూడు. ఇది ఉత్తగ నీ చెయ్యి చూసేటందుకు" అన్నాడు కృష్ణకాంత్.

టీవీలో ఆరు గుర్రాలు నడుస్తున్నాయి. సాయిలు కళ్లు నీళ్ల మీదికి పోతుంటే బలవంతాన ఇటు తిప్పుకున్నాడు. ఒకటోది తోక ఊరికే విసురుతోంది, కోపం మీదుంది. నాలుగోదానికి నడకలోనే మెడ మీద నురగ కట్టింది, పరుగు ఇక్కడే అయిపోయింది. రెండోది, అయిదోది బద్ధకం.

"మూడు, ఆరు. ఆ రెండిట్లనే ఉన్నది సారు. ఆరు జర ఎక్కువ."

ఆరు గెలిచింది. మూడు రెండోది. కృష్ణకాంత్ చప్పట్లు కొట్టలేదు. చాలాసేపు సాయిలు ముఖం చూశాడు, సంతలో కొన్న పశువును చూసినట్టు.

"గిరి అని ఒకడుండె నాకాడ. పదకొండు ఆదివారాలు మస్తు చెప్పిండు. పన్నెండోసారి తప్పిండు."

"ఇప్పుడు యాడున్నడు సారు?"

కృష్ణకాంత్ చేతిలోని సీతాఫలం తొక్కను గోడ మీంచి నీళ్లలోకి విసిరేశాడు.

సాయిలుకు అప్పుడర్థమైంది. ఇవాళ తప్పితే అల్లుడు పోతాడు. ఒప్పయితే వచ్చే ఆదివారం మళ్లీ కారొస్తుంది, ఆ తర్వాతి ఆదివారమూ వస్తుంది. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒక గుర్రం తనను తప్పిస్తుంది. అప్పుడు పుట్టిలో ఎవరు కూర్చుంటారు? సురేశా, తానా, వర్షితా?

గాలికి భుజం మీది తువ్వాల అంచు చెంపకు తగిలింది. దాన్ని సర్దుకోబోయి ఆగాడు.

మూడుసార్లు ఊపాలి. ఇక్కడినుంచే ఊపాలి. అంత దూరం నుంచి వెంకన్నకు తువ్వాల కనబడుతుంది కాని, అది ఎవరి చేతిలో ఉందో కనబడుతుందా?

"సారు," అన్నాడు. "నాకేం ఇస్తవు?"

కృష్ణకాంత్ కనుబొమలు లేచాయి. "ఏందీ?"

"ప్రతి ఐతారం రమ్మంటవు గదా. ఉత్తగ ఎట్లొస్త? దళారిని. కమీషన్ లేక కాలు కదపను."

కృష్ణకాంత్ పగలబడి నవ్వాడు. "అల్లుడు నీళ్లల్ల ఉన్నడు, నీకు కమీషన్ గావాలె! నువ్వు నాకు నచ్చినవు ముసలోడా. చెప్పు, ఎంత?"

"నోటితోని చెప్పొద్దు సారు. మా సంతల బేరం తువ్వాల కిందనే. నిలబడి చెయ్యాలె. ఒక్కో వేలు నూటికి పది. ఇటు గోడకాడికి రా, ఎండ లేదు."

కృష్ణకాంత్‌కు సరదా పుట్టింది. పట్టణంలో పెరిగినవాడు, సంత ముఖం చూసి ఎరగడు. లేచి వచ్చి చెయ్యి చాపాడు. ఆ చేతి మీద సాయిలు తువ్వాల కప్పాడు. లోపల అయిదు వేళ్లూ పట్టుకున్నాడు. కృష్ణకాంత్ ఒక్క వేలు బిగించాడు. సాయిలు తల అడ్డంగా ఊపి మూడు పట్టాడు. కృష్ణకాంత్ నవ్వుతూ రెండు నొక్కాడు.

"రెండా? నూటికి ఇరవై? సరే పో, నీ పేరు చెప్పుకుని బతుకుత" అన్నాడు సాయిలు. అతని అరచేతి చెమట కృష్ణకాంత్‌కు తెలిసే ఉంటుంది. దాన్ని ఆశ అనుకున్నాడో, భయం అనుకున్నాడో.

అప్పుడే టీవీలో గంట మోగింది. ఆఖరి రేసు గుర్రాలు బయటికొస్తున్నాయి. కృష్ణకాంత్ చెయ్యి లాక్కుని అటు తిరిగాడు.

"బేరం కుదిరితే దులపాలె సారు. దులపకపోతే కానట్టే లెక్క" అంటూ సాయిలు గోడ మీదికి వంగి తువ్వాల దులిపాడు. ఒకటి. రెండు. మూడు. గాలిలో పట్ పట్‌మని మోగింది. ముప్ఫై అయిదేళ్లుగా వేలసార్లు దులిపిన చెయ్యే. ఈసారి మాత్రం అంచును పిడికిలి బిగించి పట్టుకుంది.

"ఇటు రా తొందరగ!" కృష్ణకాంత్ అరిచాడు, తిరిగి చూడకుండానే.

సాయిలు షెడ్డులోకొచ్చాడు. టీవీకి పక్కగా నిలబడితే నీళ్లు కంటి కొసకు ఆనుతున్నాయి. పుట్టి కదల్లేదు. వెంకన్న చూడలేదా? చూసి అనుమానపడ్డాడా?

"పది గుర్రాలున్నయి. నా మీద ఉండే పైవాళ్లకు మాట ఇచ్చిన, తప్పితే నన్ను బతకనియ్యరు. నాకున్నదంత ఇయ్యాల ఒక్కదాని మీదనే పెడుతున్న" అన్నాడు కృష్ణకాంత్. "చెప్పు."

"తొందరపెట్టకు సారు. ఒక్కోదాన్నే కొట్టేద్దాం."

పుట్టి మెల్లగా తిరిగింది. తెడ్డు లేచింది, మునిగింది. రేవు వైపు వస్తోంది. రావడానికి పది నిమిషాలు పడుతుంది. అంతసేపు ఈ మనిషి కళ్లు టీవీ మీదే ఉండాలి.

"ఒకటోది చూడు. మెడ ఎట్ల బిగబట్టిందో. నోట్ల కళ్లెం దానికి గిట్టలే. కొట్టెయ్. రెండోది, గా పక్కటెముకలు చూడు సారు, మూడో ఎముక దాక లెక్కపెట్టొచ్చు. సన్నబడింది. మొన్ననే ఉరికి అలిసింది."

"మూడు?"

"మూడు ఉండనియ్యి. దాని సంగతి మల్ల." మూడోది తల దించుకుని, వెనక కాలు ముందు అచ్చును దాటించి వేస్తూ, తన లోకంలో తాను నడుస్తోంది. సాయిలుకు తెలిసిపోయింది. ఇదే. "నాలుగోది చూడు, చెమట..."

కృష్ణకాంత్ ఇందాక వేసుకున్న గుట్కా నోటినిండా ఊరింది. ఊయడానికి గోడవైపు లేవబోయాడు.

"ఆగు సారు!" సాయిలు అతని భుజం పట్టుకున్నాడు. ఆ మనిషిని ముట్టుకున్నందుకు తానే అదిరిపడ్డాడు. "ఏడోది! ఏడోదాని కాళ్లు చూడు! ఇప్పుడే, మళ్ల తిరిగిపోతది!"

కృష్ణకాంత్ మళ్లీ కూలబడి, గుట్కాను సీతాఫలం పళ్లెంలోనే ఊశాడు. "ఏముంది? అందరు దాన్నే గెలుస్తదంటున్నరు."

ఏడోది నల్లగా నిగనిగలాడుతోంది. తల ఊపడం లేదు, కుంటడం లేదు. చూసేవాళ్లకు గడియారంలా సమంగా నడుస్తోంది. సాయిలుకు మాత్రం ఆ సమంలోనే తేడా తెలిసింది. ఒక కాలు నొస్తే పశువు తల ఊపుతుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. రెండు ముందుకాళ్లూ నొస్తే ఊపదు. రెండింటినీ ఒకేలా పొట్టిగా వేస్తుంది. ఇట్లాంటి కోడెనే పాతికేళ్ల కింద తెలిసీ ఒక రైతుకు అంటగట్టాడు. నాగలి సాలులోనే అది మోకాళ్ల మీద కూలింది. ఆ రైతు ముఖం ఇప్పటికీ అతని కలల్లోకి వస్తుంది.

అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్కోదానికీ ఒక్కో కథ అల్లాడు. కంటి కొసన పుట్టి రేవుకు తగిలింది. ఆదివారం సాయంత్రం చేపలు కొనే జనం. ఒక నీలం చొక్కా పుట్టి దిగింది, తూలింది, ఉరికింది, జనంలో కలిసిపోయింది.

సాయిలు ఊపిరి వదిలాడు.

"గుర్రాలు పోతున్నయి! ఏదో ఒకటి చెప్పు!" కృష్ణకాంత్ చేతిలో ఫోన్, బొటనవేలు దాని మీద.

మూడు అంటే నిజం. మూడు గెలుస్తుంది, కృష్ణకాంత్ బతుకుతాడు, వచ్చే ఆదివారం కారొస్తుంది.

"ఏడు" అన్నాడు సాయిలు. "కళ్లు మూసుకుని పెట్టు సారు."

పరుగు మొదలైంది. ఏడోది దూకి ముందుకొచ్చింది. సగం దూరానికి నాలుగు గుర్రాల ఎడం. కృష్ణకాంత్ లేచి నిలబడి కేకలు పెడుతున్నాడు. సాయిలు కళ్లు తనను మోసం చేశాయా? అబద్ధం చెబితే, అదే నిజమై కూర్చుంటోందా? అతను ఇన్నేళ్లలో ఎన్నడూ ఒక పశువు ఓడిపోవాలని మొక్కలేదు. ఇప్పుడు మొక్కాడు.

మలుపు తిరిగేటప్పుడు నల్ల గుర్రం అడుగు పొట్టిదైంది. రౌతు కొరడా ఎత్తాడు. అది ముందుకు పోలేదు. పక్కనుంచి ఒకటి దాటింది, రెండు దాటాయి. తల దించుకుని వచ్చిన మూడోది అన్నిటినీ దాటుకుని పోయింది. ఏడోది అయిదో స్థానం.

కృష్ణకాంత్ ఫోన్ మోగింది. అతను ఎత్తలేదు. ఆగి, మళ్లీ మోగింది.

"ముసలోడా, నువ్వు తప్పినవా? తప్పు చెప్పినవా?" గుసగుసగా అడిగాడు. అతని కింది పెదవి వణుకుతోంది. ఆ వణుకు సాయిలుకు కొత్తది కాదు. పొద్దుటినుంచీ తన ఒంట్లో ఉన్నదే.

"పశువు పశువే గద సారు."

కృష్ణకాంత్ ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయాడు. నడి నీళ్లలో పుట్టి లేదు. సాయిలు భుజం మీది తువ్వాలకేసి చూశాడు, రేవుకేసి చూశాడు, అంతా తెలుసుకున్నాడు. మీదికొచ్చి తువ్వాల పట్టి గుంజాడు. అది అతని చేతికే వదిలేసి సాయిలు మెట్లవైపు ఉరికాడు. వెనక ఫోన్ మోగుతూనే ఉంది. పైవాళ్లకు జవాబు చెప్పాలో, ముసలివాణ్ణి తరమాలో తేలక ఆ మనిషి అక్కడే గిరగిర తిరుగుతున్నాడు.

రోడ్డెక్కాక ఒక్కసారి వెనక్కి చూశాడు. మేడ గోడమీదికి వంగి కృష్ణకాంత్ తెల్ల తువ్వాల ఊపుతున్నాడు, వెంకన్నను రమ్మని, పట్టుకొమ్మని, పిచ్చివాడిలా. రేవులో వెంకన్న తెడ్డు పైకెత్తి తాపీగా జవాబిచ్చాడు. ఎప్పుడో దింపేసిన సారు, అన్నట్టు.

ఊరికి పోవాలంటే ఎక్కాల్సిన దేవరకొండ బస్సు కదలబోతుంటే కిటికీ పక్క నీలం చొక్కా కనబడింది. సాయిలు ఎక్కి పక్కన కూలబడ్డాడు. సురేశ్ మణికట్ల మీద తాడు గుర్తులు ఎర్రగా ఉన్నాయి. పళ్లు టకటకమంటున్నాయి. బస్సు పెద్దవూర దాటింది.

సురేశ్ గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూసి, మామ చెవి దగ్గరికి వంగాడు.

"మామా... ఆఖరి రేసుల ఏది గెలిచింది?"

సాయిలు అల్లుడి ముఖంలోకి చూశాడు. ఆ కళ్లు మెరుస్తున్నాయి. భుజం తడుముకున్నాడు, తువ్వాల లేదు. మేడ మీద ఎట్లాగో ఆపుకున్న వణుకు ఇప్పుడు మొదలైంది. మక్తల్ చేరేదాకా ఆగలేదు.