నీ జాగల ఎవరొస్తరు మామా

ఇంతకీ వాడు ఆ మాట ఎందుకు అడిగినట్టు, మా ఇంట్లో కూర్చుని, మా ఆవిడ తారామణి చేసిన సర్వపిండి తుంచుకుని తింటూ, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, నువ్వు మానేస్తే నీ జాగల ఎవరొస్తరు మామా అని, అడగాల్సిన మాటేనా అది, షిఫ్టు దిగి నాచారంలో కంపెనీ గేటు దాటిన దగ్గర్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది, బస్సుంటే కిటికీ పక్కన కూర్చుని కాసేపు కళ్లు మూసుకునేవాణ్ణి, బస్సుల్లేవు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, డ్రైవర్లూ కండక్టర్లూ జెండాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు, షేర్ ఆటో ఎక్కితే ముక్కూమొహం తెలియనివాడి మోకాళ్ల మీద కూర్చోవాలి, నాకెందుకా బాధ, నడుస్తాను, హబ్సిగూడ మీదుగా నడిచి ఉప్పల్ పోయి, మా మేనల్లుడు రంజిత్ ఆ నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరితో ఏం మంతనాలు ఆడుతున్నాడో నా చెవులతో నేను విని గానీ ఇంటికి పోను.

మా చెల్లెలు రాజ్యం కొడుకు వాడు, వాళ్లది ఆలేరు దగ్గర పల్లె, డిగ్రీ చదువుతాడంటే మా ఇంట్లోనే ఉంచుకున్నాను, సొంత కొడుకులా చూసుకున్నాను, అది కూడా నిజం, కాలేజీ ఉప్పల్లోనే, సమ్మెతో మూతబడింది, మూతబడితే పిల్లలందరూ గల్లీలో క్రికెట్ ఆడుకుంటున్నారు, వీడు మాత్రం ఒక సబ్జెక్టు ఇంటర్నెట్‌లో చెబుతున్నరు మామా, ఆన్‌లైన్ కోర్సు, కెరీర్ ప్లానింగ్ అని దాని పేరు, అన్నాడు, అంటే ఏందిరా అంటే, మనకు ఏ పని సరిపోతదో ముందుగాల మనమే తెలుసుకునుడు అన్నాడు, నాకు నవ్వొచ్చింది, ఏం పని చేయాలో కంప్యూటర్ చెబుతుందా, మా మేనమామ నన్ను చొక్కా పట్టుకుని తీసుకొచ్చి బాయిలర్ ముందు నిలబెట్టి, ఇగో, గిదే నీ పని, కండ్లు తెరిచి సూడు అన్నాడు, అదే మా ప్లానింగు, అక్కడితో అయిపోయింది, వీళ్లకు మొదటి వారం ఏదో పరీక్ష పెట్టారట, నీకు మనుషులతో ఉండటం ఇష్టమా, మిషన్లతో ఉండటం ఇష్టమా అని, రెండో వారం ఎవరైనా పని చేసే మనిషిని పట్టుకుని ప్రశ్నలు అడగాలట, ఇదిగో ఇక్కడ, సరిగ్గా ఇక్కడే నాకు అనుమానం తగిలింది, మా పక్క వాటాలో త్రిమూర్తులు గారు బ్యాంకులో ఆఫీసరు, ఎదురింట్లో లెక్కల పంతులు, వాళ్లందర్నీ వదిలేసి సెలైన్ సీసాల కంపెనీలో బాయిలర్ ఆపరేటర్ని, మసి మొహంవాణ్ణి, నన్నే ఎందుకు పట్టుకున్నాడు.

ఎందుకో నాకు తెలియదా, అంత వెర్రివాణ్ణా నేను, మా కంపెనీలో ఒక పద్ధతుంది, ఒకడు దిగిపోతే వాడి జాగాలోకి వాడి మనిషే వస్తాడు, కొడుకో బామ్మర్దో మేనల్లుడో, ముందు నాలుగు రోజులు పక్కన నిలబడి పని చూస్తాడు, ఆఫీసులో నమస్తే పెడతాడు, తర్వాత ముసలాయన దిగుతాడు, పడుచువాడు ఎక్కుతాడు, మా మేనమామ దిగితే నేను ఎక్కినట్టు, మంచిదే, కానీ అందరూ వాళ్లంతట వాళ్లు దిగరు కదా, ఒకప్పుడు మా గేటు దగ్గర కూర్చునే బుచ్చిరాములుని అడగండి చెబుతాడు, వాడి బామ్మర్ది మధ్యాహ్నం సద్ది తెచ్చేవాడు, ఎంత ప్రేమ అనుకున్నాం, సద్ది తెచ్చి పక్కన కూర్చుని, బావా లారీలొస్తే ఏం రాస్తవ్, బావా లోపలికి ఎవర్ని పంపుతవ్, బావా ఇంక ఎన్నేండ్లు జేస్తవ్ అని తీయగా అడిగేవాడు, ఒకనాడు మేనేజరు పిలిచి, బుచ్చిరాములూ, మోకాళ్ల నొప్పులన్నావు కదా, ఇంటిపట్టున ఉండరాదూ అన్నాడు, మర్నాడు గేటు దగ్గర బామ్మర్ది, బుచ్చిరాములు ఇప్పుడు బోడుప్పల్లో ఇంటి ముందు మంచమేసుకుని వచ్చేపోయే బండ్లు చూస్తుంటాడు, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు.

అవే ప్రశ్నలు, అచ్చం అవే, నీలెక్క కావాల్నంటే ఏం జదవాలె మామా, సర్టిఫికెట్ పరీక్ష ఎక్కడ రాస్తరు, ఇంక ఎన్నేండ్లు జేస్తవ్, చివరికి ఆ జాగా మాట, నేను కళ్లెర్రజేసి లేచిపోతే, తారామణి వంటింట్లోంచి, జర చెప్పరాదు, పిల్లగానికి మార్కులంట, గింత దానికి అంత కోపమెందుకు అంది, అంటే ఈమెకూ తెలుసా, ఈమె, వీడి తల్లి కలిసి ఫోన్లో మాట్లాడుకున్నారా, పోయిన ఆదివారం రాజ్యంతో అంతసేపు గుసగుసలాడింది దీని గురించేనా, నన్ను చూసి ఫోను పెట్టేసింది కూడా, పెట్టేసిందా లేక మాట్లాడటం అయిపోయిందా, ఏమో, అనుమానం మొదలైతే అన్నం కూడా సయించదు, ఎన్.జి.ఆర్.ఐ. గోడ పక్కన నడుస్తున్నాను, ఎండ వెనక నుంచి వీపు మీద కొడుతోంది, బాయిలర్ ముందు ఇంతకు పదింతలు వేడి తట్టుకుంటాను, ఈ ఎండ తట్టుకోలేకపోతున్నాను.

మూడో వారం ఇంకా ముదిరింది, ప్రశ్నలు చాలవట, ఒకరోజు ఆ మనిషి పక్కనే ఉండి పని చూడాలట, కోర్సులో ఉందట, వద్దంటే తారామణి ఊరుకోదు, సరే రమ్మన్నాను, వచ్చాడు, పొద్దున్నుంచి నా పక్కనే నిలబడ్డాడు, మంటలోకి వరి ఊక ఎట్ల పోస్తానో చూశాడు, గాజు గొట్టంలో నీళ్ల మట్టం ఎక్కడిదాకా ఉండాలో అడిగాడు, ప్రెషర్ ముల్లు పైకి లేస్తుంటే కళ్లార్పకుండా చూశాడు, మామా నువ్వు ముల్లు సూడకుండనే ఊక ఆపినవ్, ఎట్ల తెలిసింది అన్నాడు, సప్పుడును బట్టిరా, ఇను, మంట సప్పుడు మారుతది అన్నాను, అని వాడి భుజం పట్టుకుని దగ్గరికి లాగాను కూడా, ఇద్దరం చెవులొగ్గి విన్నాం, సప్పుడు మారింది మామా, మారింది అని వాడు ఎగిరి గంతేశాడు, నాకూ ఒక్క నిమిషం, ఒక్క నిమిషమేలెండి, మహా సంబరంగా అనిపించింది, వెంటనే నాలుక కరుచుకున్నాను, ఏం చేస్తున్నాన్రా నేను, నా జాగాకు నేనే ఎసరు పెట్టుకుంటున్నానా అని, ఇంతలో చాయ్ తాగి వస్తానని వాడు పోయాడు, ఎంతకీ రాడు, పోయి చూస్తే మేనేజరు అచ్యుతరావు గారి గదిలో ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నేను ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చోలేదు, సాయంత్రం అచ్యుతరావు గారు పిలిచి, ఏమయ్యా దామోదర్, మీ మేనల్లుడు భలే చురుకైన కుర్రాడయ్యా, ఇలాంటివాళ్లే కావాలి మనకి అన్నాడు, మనకి అట, నా ఒళ్లు మండిపోయింది, నా మోకాళ్ల గురించి ఎప్పుడడుగుతాడా అని చూశాను, అడగలేదు, ఆ రోజుకు అడగలేదు అంతే.

అందుకే నా జాగ్రత్త నేను పడ్డాను, తప్పేముంది, ఇంటికొచ్చి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రారా, ఇయ్యాల అన్ని చెప్తా రాసుకో అన్నాను, ఉన్నవీ లేనివీ కలిపి చెప్పాను, ఊక దుమ్ముకు ఊపిరితిత్తులు పోతయిరా అన్నాను, పండుగ లేదు పబ్బం లేదు అన్నాను, ఎప్పుడు పేలుతదో అని నిద్ర పట్టదు అన్నాను, ఆ బాయిలర్ పక్కన కుర్చీలో కూర్చునే కునుకు తీసేవాణ్ణి, నాకు నిద్ర పట్టకపోవడమేమిటి, అయినా చెప్పాను, వాడి మొహం చిన్నబోతుంటే ఇంకా చెప్పాను, ఆఖరికి వాడు, ఇగ ఆఖరి ప్రశ్న మామా, మళ్ల పుడితే గిదే పని జేస్తవా అన్నాడు, ఛీ, పగోనిక్కూడ వద్దురా ఈ పని, కడుపు కోసం జేసిన గని ఒక్కనాడు మనసుపెట్టి జేయలే అన్నాను, వాడు అది కూడా రాసుకుని తల వంచుకున్నాడు, దెబ్బ తగిలింది బిడ్డకు, ఇంక ఆ వంక చూడడు అనుకున్నాను, కానీ మర్నాడు మళ్లీ నెట్ సెంటర్‌కే పోయాడు, ఇవాళ కోర్సులో ఆఖరి క్లాసట, ఎవరు ఏం తేల్చుకున్నారో సారుకు నోటితో చెప్పాలట, నిన్న రాత్రి ఏం తేల్చుకున్నావురా అంటే, రేపు చెప్తా మామా అని తప్పించుకున్నాడు, తప్పు లేకపోతే తప్పించుకోవడమెందుకు.

ఉప్పల్ రింగు రోడ్డు, బస్టాపు బోసిగా ఉంది, ఆటోలవాళ్లు మాత్రం గొంతు చించుకుంటున్నారు, మెడికల్ షాపు పక్క మెట్లెక్కితే నెట్ సెంటర్, లోపల చీకటి, ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి చేసిన చిన్న చిన్న అరలు, పైన ఫ్యాన్లు పిండిగిర్నీలా మోగుతున్నాయి, అదుగో, నీలం చొక్కా, గోడవైపు అరలో చెవులకు ఆ డిప్పలు పెట్టుకుని ఊగుతూ మాట్లాడుతున్నాడు, వాడి వెనక అరలో కూర్చున్నాను, ఫ్యాను మోతకు ఒక్క ముక్క వినబడదు, మామ అన్న మాట ఒక్కటే వినబడుతోంది, మామ, మళ్లీ మామ, నా గురించే, నేననుకున్నదే నిజం, ఇప్పుడే లేచి కాలరు పట్టుకోవాలి అనుకుంటుంటే కరెంటు పోయింది, సమ్మె పుణ్యమా అని రోజూ పోయేదే, ఫ్యాన్లు ఆగిపోయాయి, కంప్యూటర్లు బ్యాటరీ మీద నడుస్తున్నాయి, ఆ నిశ్శబ్దంలో వాడి గొంతు నా చెవిలో చెప్పినట్టు వినబడింది.

సారు మాట వాడికే వినబడుతుంది, నాకు వీడి మాటే, అవ్ సార్, పరీక్షల నాకు మిషన్ల పనే సరిపోతదని వచ్చింది సార్, అందుకే మా మామ దగ్గరికి పోయిన, ఒక్కరోజు పక్కన నిలబడ్డ, మస్తు నచ్చింది సార్, నిజంగ, మా మామ మంట సప్పుడు ఇని చెప్తడు సార్, నాక్కూడ ఇనబడ్డది, ఇగ ఇదే నేర్సుకుందామని మేనేజర్ సారును గూడ అడిగిన, మీ మామ రిటైరయ్యేదాంక ఆయన చేతికింద నేర్సుకో, అంతకంటే మంచోడు దొరకడు అన్నడు, అని వాడు ఆగాడు, సారు ఏదో అడిగినట్టున్నాడు, లేద్సార్, ఇప్పుడు వద్దనుకున్న, మామనే వద్దన్నడు, ఒక్కనాడు గూడ మనసుపెట్టి జేయలేదట సార్, కడుపు కోసం జేసిండట, నేను సంబరపడ్డదంత ఉత్తదే అనిపించింది, అందుకే వేరే కోర్సు రాసుకున్న సార్, లెక్కలు రాసే పని, ఇష్టమని కాదు గని కుదురుతది, ఇంకోటి సార్, నాకు నౌకరొస్తే ముందుగాల మామను ఆ మంటల కాడ పని మాన్పిస్త, పాపం ఆయన బతుకంత ఇష్టం లేని పనిల పోయింది, అన్నాడు.

హమ్మయ్య, నా జాగా నాకుంది, అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, ఒక్క క్షణం గుండె తేలికపడింది, మరుక్షణం, పాపమా, నన్ను చూసి పాపమా, పొద్దున్నే మొదటి ఆవిరి గొట్టంలోకి ఎక్కుతుంటే నా రోమాలు నిక్కబొడుచుకుంటాయిరా, సెలవునాడు ఇంట్లో తోచక ఇంకో షిఫ్టువాడు ఎలా నడుపుతున్నాడో చూసి వస్తానురా, మా మేనమామ దిగిపోయేనాడు బాయిలర్‌కు దండం పెట్టి, నా చేయి దాని మీద పెట్టించి, ఇగ నాకు ఫికర్ లేదు అన్నాడు, ఆయన మొహంలో ఆనాడు ఉన్నది తన మనిషికి అప్పజెప్పిన నిశ్చింత అని నాకిన్నాళ్లూ తెలియనే లేదు, వాడికి ఇదంతా చెప్పాలని లేవబోయాను, కరెంటు వచ్చి ఫ్యాన్లు మళ్లీ మోత మొదలుపెట్టాయి, వాడు చెవులవి తీసి వెనక్కి తిరిగి, అరే మామా, ఎప్పుడొచ్చినవ్, గింత ఎండల నడ్సుకుంట వచ్చినవా, మొహమంత వాడిపోయింది, చాయ్ తాగుదాం పా, కోర్సు అయిపోయింది, అంత పంపేసిన, అని నా చేయి పట్టుకుని లేపాడు, నేను వాడి వెంట మెట్లు దిగాను, మళ్లీ పుడితే ఇదే పని చేస్తావా అని ఇన్నేళ్లలో నన్ను అడిగినవాడు వీడొక్కడే, చేస్తాను, ఎన్నిసార్లు పుట్టినా ఆ బాయిలర్ ముందే నిలబడతాను, నా తర్వాత అక్కడ వీడు నిలబడాలని కూడా నాకుంది, అడిగినప్పుడు మాత్రం వాడికి వద్దనే చెప్పాను.